ఆ ఒక్క కిరీటం హంపికి ఎందుకు దక్కలేదు?

కోనేరు హంపి ప్రపంచ ఛాంపియనేనా అని ఎవరైనా అడిగితే అవుననొచ్చు, కాదనొచ్చు. రెండూ తప్పు కాదు. తక్కువ సమయంలో ముగిసే ర్యాపిడ్ చెస్‌లో ఆమె రెండుసార్లు ప్రపంచ విజేత, 2019లో మాస్కోలో, 2024లో న్యూయార్క్‌లో. చిన్నప్పుడు పిల్లల విభాగాల్లో, జూనియర్స్‌లో గెలిచినవి మరో నాలుగు ప్రపంచ టైటిళ్లు. అయితే చెస్ లోకంలో ముందూ వెనకా ఏ మాటా చేర్చకుండా 'ప్రపంచ ఛాంపియన్' అన్నారంటే అది క్లాసికల్ టైటిలే. ఒక్కో గేమ్‌కి నాలుగైదు గంటలు పట్టే ఆట అది. 1927లో వేరా మెంచిక్‌తో మొదలైన ఆ మహిళా ఛాంపియన్ల జాబితాలో హంపి పేరు లేదు.

ఎంతోమంది గొప్ప క్రీడాకారిణుల పేర్లు కూడా అందులో లేవు కదా అనొచ్చు. కానీ హంపి సంగతి వేరు. 2007 అక్టోబరులో ఆమె రేటింగ్, అంటే గెలుపోటములను బట్టి ఆట స్థాయిని కొలిచే అంకె, 2600 దాటింది. అంతకుముందు ఆ గీత దాటిన మహిళ ప్రపంచం మొత్తం మీద హంగరీకి చెందిన జూడిత్ పోల్గార్ ఒక్కతే. ఆ తర్వాత ఏడెనిమిదేళ్లు హంపి పేరు లేకుండా మహిళల చెస్ గురించి మాట్లాడటం కుదరలేదు. అదే కాలంలో ఆమె కన్నా తక్కువ రేటింగ్ ఉన్నవాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఆ కిరీటం పెట్టుకున్నారు.

దీనికి మామూలుగా వినిపించే జవాబులు రెండు. అదృష్టం కలిసిరాలేదని కొందరు, పెద్ద మ్యాచ్‌లలో టెన్షన్ తట్టుకోలేకపోయిందని కొందరు అంటారు. రెండూ సులువుగా చెప్పేయగలిగిన మాటలే. ఆ పదేళ్ల టోర్నీల క్యాలెండర్, ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే అప్పట్లో పెట్టిన నిబంధనలు ముందేసుకుని చూస్తే కథ ఇంకో రకంగా కనిపిస్తుంది.

హంపి 1987 మార్చి 31న గుడివాడలో పుట్టింది. తండ్రి కోనేరు అశోక్ కెమిస్ట్రీ లెక్చరర్, స్వయంగా చెస్ ఆడేవారు. ఛాంపియన్ అనే ఇంగ్లిష్ మాట మధ్యలోంచి తీసిన ముక్కే ఆయన కూతురికి పెట్టిన పేరు. తుంగభద్ర ఒడ్డున ఉన్న హంపి చూసి పెట్టారేమో అనుకోవడం సహజమే గానీ, పేరు వెనక ఉన్నది చదరంగం బల్ల. తర్వాత రష్యన్ పేరులా వినిపించాలని ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో ఒకటి రెండు అక్షరాలు మార్చారు. తెలుగులో రాసుకునేవాళ్లకి ఆ తేడా తెలియదు, అప్పుడూ ఇప్పుడూ హంపే. చెస్ అంటే సోవియట్ వాళ్ల సొత్తు అనుకునే రోజులవి. ఒక తండ్రి ఆశ ఎంత దూరం వెళ్లిందో ఆ స్పెల్లింగ్ ఒక్కటే చెబుతుంది.

ఆశతో ఆగలేదు. కూతురి ఆటలో పదును కనిపించాక అశోక్ ఉద్యోగం మానేసి పూర్తికాలం కోచ్‌గా మారారు. అప్పట్లో విజయవాడలో గ్రాండ్‌మాస్టర్ల అకాడమీలు లేవు. ఇంట్లో తండ్రి, పుస్తకాలు, చెస్ బోర్డు, అంతే. ఆ ఇంటి బడి నుంచి వచ్చిన ఫలితాలు మాత్రం ఏ అకాడమీకీ తీసిపోవు. 1997లో ఫ్రాన్స్‌లోని కాన్‌లో పదేళ్లలోపు బాలికల ప్రపంచ టైటిల్, 1998లో స్పెయిన్‌లో పన్నెండేళ్లలోపు, 2000లో మళ్లీ అక్కడే పద్నాలుగేళ్లలోపు, 2001లో ఏథెన్స్‌లో ప్రపంచ జూనియర్ బాలికల టైటిల్. మధ్యలో 1999లో అహ్మదాబాద్‌లో జరిగిన ఆసియా పన్నెండేళ్లలోపు పోటీలో అబ్బాయిలతో కలిసి ఆడి గెలిచింది. అశోక్‌కి 2006లో ద్రోణాచార్య అవార్డు వచ్చింది.

2002 మేలో వచ్చిన గ్రాండ్‌మాస్టర్ హోదా గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. వార్తల్లో తరచూ కలగాపులగం అయ్యేది ఇక్కడే. 'మహిళా గ్రాండ్‌మాస్టర్' అనే బిరుదు వేరు, 'గ్రాండ్‌మాస్టర్' వేరు. మొదటిది ఆడవాళ్లకు మాత్రమే ఇచ్చేది, దానికి కావాల్సిన రేటింగ్ 2300. రెండోది ఆడా మగా తేడా లేకుండా అందరికీ ఒకటే కొలత. 2500 రేటింగ్ ఉండాలి. దానితో పాటు గట్టి టోర్నీల్లో 2600 స్థాయి ఆట చూపించి నార్మ్‌లు (ఆ స్థాయి అందుకున్నట్టు ఇచ్చే గుర్తింపులు) సంపాదించాలి. హంపి అందుకున్నది ఈ రెండోది. అప్పటికి ఆమె వయసు 15 ఏళ్ల 1 నెల 27 రోజులు. జూడిత్ పోల్గార్ పేరున ఉన్న రికార్డు కన్నా మూడు నెలలు ముందు. భారతదేశం నుంచి ఆ హోదా అందుకున్న మొదటి మహిళ కూడా ఆమే. ఆ రికార్డు ఆరేళ్లు నిలిచింది. 2008లో దాన్ని చెరిపేసిన చైనా అమ్మాయి పేరు హౌ యిఫాన్. ఈ పేరు మళ్లీ మళ్లీ వస్తుంది.

పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయిన అమ్మాయి ముందు అప్పట్లో రెండు దారులున్నాయి. ఒకటి జూడిత్ దారి. ఆమె ప్రపంచ మహిళా టైటిల్ కోసం ఎప్పుడూ పోటీపడలేదు. మగవాళ్లతోనే ఆడి, 2735 రేటింగ్ దాకా వెళ్లి, ప్రపంచ టాప్ టెన్‌లో నిలబడింది. రెండోది మహిళల టోర్నీల దారి. హంపి రెండింటిలోనూ కాలు పెట్టింది. ఓపెన్ టోర్నీలు ఆడుతూనే మహిళల ప్రపంచ టైటిల్ వేటలో దిగింది. ఇందులో తప్పుపట్టడానికేం లేదు. మన దేశంలో ఆట మీద బతకాలంటే పతకాలు కావాలి. అవి ఎక్కువగా మహిళల పోటీల్లోనే దొరుకుతాయి. 2006 దోహా ఆసియా క్రీడల్లో వ్యక్తిగత విభాగంలో ఒక స్వర్ణం, మిక్స్‌డ్ టీమ్‌లో ఒక స్వర్ణం వచ్చాయి. 2003లో అర్జున, 2007లో పద్మశ్రీ, ఓఎన్‌జీసీలో ఉద్యోగం. జూడిత్‌లాగా మహిళల టోర్నీలను పక్కన పెట్టేసి ఉంటే వీటిలో ఎన్ని దక్కేవో చెప్పడం కష్టం.

ఎంచుకున్న దారిలోనే చిక్కుంది. 2000 నుంచి మహిళల ప్రపంచ టైటిల్‌ను నాకౌట్‌లో తేల్చేవారు. అరవై నాలుగు మంది బరిలోకి దిగుతారు. మొదటి రౌండ్లలో ఇద్దరి మధ్య రెండే క్లాసికల్ గేమ్‌లు. సమానమైతే మర్నాడు తక్కువ సమయపు గేమ్‌లతో టైబ్రేక్. ఓడినవాళ్లు ఇంటికి. అంటే ఏడాదంతా కూడబెట్టుకున్న ఫామ్, రేటింగ్ అన్నీ ఒక సాయంత్రం చేసిన ఒక్క తప్పుతో పోవచ్చు. టెన్నిస్‌లో నంబర్ వన్ మొదటి రౌండ్‌లో ఓడితే వచ్చే నెలలో ఇంకో టోర్నీ ఉంటుంది. ఇక్కడ మళ్లీ అవకాశం రావడానికి రెండేళ్లు పడుతుంది.

హంపి ఆ నాకౌట్లలో ఏం సాధించిందో చూడండి. 2004లో ఎలిస్తాలో, పదిహేడేళ్లకే సెమీఫైనల్. 2008లో నాల్చిక్‌లో సెమీఫైనల్. 2010లో టర్కీలోని హతాయ్‌లో మళ్లీ సెమీఫైనల్. మూడుసార్లు చివరి నలుగురిలోకి రావడం ఒత్తిడికి లొంగిపోయే వాళ్ల వల్ల అయ్యే పని కాదు. 2008లోనూ 2010లోనూ ఆమెను ఆపింది ఒకే మనిషి, హౌ యిఫాన్. మొదటిసారి ఆ అమ్మాయికి పద్నాలుగేళ్లు. రెండోసారి పదహారు, ఆ టోర్నీతోనే ప్రపంచ ఛాంపియన్ కూడా అయింది.

2012లో పరిస్థితి ఇంకా విచిత్రం. ఖంతీ మాన్సీస్క్ నాకౌట్‌లో హౌ యిఫాన్, హంపి ఇద్దరూ రెండో రౌండ్‌లోనే ఇంటిదారి పట్టారు. టైటిల్ ఉక్రెయిన్‌కు చెందిన అన్నా ఉషెనినాకి వెళ్లింది. 2015లో సోచీలో హౌ యిఫాన్ ఆడలేదు. హంపి టాప్ సీడ్. కళ్లెదుటే కిరీటం ఉన్నట్టే కనిపించింది. క్వార్టర్‌ఫైనల్‌లో ఉక్రెయిన్ క్రీడాకారిణి మరియా ముజిచుక్ చేతిలో ఓటమి. సెమీస్‌లో అదే మరియా గుంటూరుకు చెందిన ద్రోణవల్లి హారికను కూడా ఓడించి, చివరికి టైటిల్ పట్టుకుపోయింది. ఒకే టోర్నీలో ఇద్దరు తెలుగమ్మాయిలకు ఒకరే అడ్డంపడటం అలా జరిగిపోయింది.

నాకౌట్ ఒక్కటే దారి కాదు. 2009 నుంచి గ్రాండ్‌ప్రి సిరీస్ మొదలైంది. ఏడాదీ రెండేళ్లలో కొన్ని టోర్నీలు, ఒక్కోదాంట్లో పన్నెండు మంది, అందరూ అందరితో ఆడాలి. ఒక రోజు తప్పుచేసినా మిగతా పది గేమ్‌లలో సర్దుకోవచ్చు. నిలకడను కొలిచే పద్ధతి ఇది, హంపి ఆటకు సరిగ్గా సరిపోయే పద్ధతి. ఇస్తాంబుల్, దోహా, అంకారా, దిలిజాన్ వంటి చోట్ల ఆమె గెలుస్తూ వచ్చింది. మూడు సిరీస్‌లు పూర్తయ్యేసరికి మూడింటిలోనూ ఆమెది రెండో స్థానం. మూడుసార్లూ మొదటి స్థానం హౌ యిఫాన్‌దే.

అసలు కీలకం ఇక్కడే ఉంది. అప్పటి నిబంధన ప్రకారం ఒక ఏడాది నాకౌట్ విజేత ఛాంపియన్ అవుతుంది, మరుసటి ఏడాది ఆ ఛాంపియన్‌తో గ్రాండ్‌ప్రి విజేత మ్యాచ్ ఆడుతుంది. ఛాంపియనూ గ్రాండ్‌ప్రి విజేతా ఒకరే అయితే, గ్రాండ్‌ప్రిలో రెండో స్థానంలో ఉన్నవాళ్లకు ఆ అవకాశం దక్కుతుంది. 2010 నాకౌట్ గెలిచింది హౌ యిఫాన్, గ్రాండ్‌ప్రి గెలిచిందీ ఆమే. అందుకే 2011లో హంపికి మ్యాచ్ వచ్చింది. 2012లో హౌ యిఫాన్ నాకౌట్‌లో ఓడిపోయింది. ఛాంపియన్ ఉషెనినా అయింది కాబట్టి, గ్రాండ్‌ప్రి విజేతగా హౌ యిఫానే 2013లో మ్యాచ్ ఆడి, టైటిల్‌ను తేలిగ్గా వెనక్కి తెచ్చుకుంది. 2015లో ఆమె అసలు నాకౌట్‌కే రాలేదు. ఛాంపియన్ మరియా అయింది. 2016లో గ్రాండ్‌ప్రి విజేత హోదాలో మళ్లీ హౌ యిఫానే మ్యాచ్ ఆడింది, మళ్లీ గెలిచింది.

లెక్క తిరగేసి చూస్తే అర్థమవుతుంది. హౌ యిఫాన్ ఛాంపియన్‌గా కొనసాగి ఉంటే 2013లోనూ 2016లోనూ ఎదుటి కుర్చీలో కూర్చునే హక్కు రెండో స్థానంలో ఉన్న హంపిదే. హౌ యిఫాన్ గెలిస్తే హంపికి నష్టం అనుకోవడం మామూలు. ఆమె ఓడిపోవడం, రాకపోవడం కూడా హంపికే నష్టమైంది. మూడుసార్లు రెండో స్థానంలో నిలిస్తే అది పనికొచ్చింది ఒక్కసారి. దీన్ని దురదృష్టం అనేకన్నా నిబంధన లోపం అనడం సబబు. నిలకడగా ఆడేవాళ్లను గుర్తించే పద్ధతి ఒకటి పెట్టి, దాని ఫలితాన్ని ఎవరు వాడుకోవాలో తేల్చే పనిని మళ్లీ నాకౌట్ చేతికే వదిలేశారు. ఈ తికమకను ఫిడే తర్వాత సరిచేసింది. 2019 నుంచి ఎనిమిది మందితో క్యాండిడేట్స్ టోర్నీ పెట్టి, గెలిచినవాళ్లకు ఛాంపియన్‌తో మ్యాచ్ అనే పద్ధతి తెచ్చారు. అప్పటికి హంపి అత్యుత్తమ రేటింగ్ 2623 నమోదై పదేళ్లు అయింది.

వచ్చిన ఆ ఒక్క మ్యాచ్ సంగతేమిటి? 2011 నవంబరు, అల్బేనియా రాజధాని టిరానా. పది గేమ్‌ల మ్యాచ్. హంపికి ఇరవై నాలుగు, హౌ యిఫాన్‌కి పదిహేడు. ఎనిమిదో గేమ్‌తోనే అయిపోయింది. 5.5-2.5. హౌ యిఫాన్ మూడు గెలిచింది, ఐదు డ్రా. హంపికి ఒక్క గెలుపూ లేదు. ఇక్కడ నిబంధనల మీద నెపం వేయడానికి వీల్లేదు. ఎదురెదురుగా కూర్చున్నారు, బాగా ఆడినవాళ్లు గెలిచారు.

అయినా ఆ ఓటమి వెనక ఉన్న తేడా చెప్పుకోదగ్గదే. ప్రపంచ టైటిల్ మ్యాచ్ టోర్నీలాంటిది కాదు. టోర్నీలో రోజుకో ప్రత్యర్థి. మ్యాచ్‌లో నెల ముందు నుంచీ ఒకే మనిషి. ఆమె ఏ ఓపెనింగ్ ఆడుతుంది, ఎక్కడ తడబడుతుంది, ఏ పొజిషన్ అంటే ఇష్టపడదు, ఇవన్నీ తవ్వి తీయడానికి ఒక జట్టు కావాలి. రాత్రి కంప్యూటర్ ముందు కూర్చుని కొత్త ఎత్తులు వెతికేవాళ్లు, వాటిని పరీక్షించేవాళ్లు, పొద్దున్నే గుర్తు చేసేవాళ్లు ఉండాలి. చైనా తొంభైల నుంచీ మహిళల చెస్‌ను జాతీయ కార్యక్రమంగా నడిపింది. హౌ యిఫాన్ కన్నా ముందే ఆ దేశం నుంచి ముగ్గురు ప్రపంచ ఛాంపియన్లు వచ్చారు. ఆ అనుభవం అంతా ఒక పదిహేడేళ్ల అమ్మాయి వెనక నిలబడింది. హంపి వెనక ప్రధానంగా ఉన్నది గుడివాడ నుంచి వచ్చిన తండ్రి.

తండ్రీ కూతుళ్ల కోచింగ్ గురించి మన దగ్గర రెండు రకాల అభిప్రాయాలున్నాయి. ఆయన లేకపోతే ఆమె లేదని ఒకటి, ఆయన్ని దాటి బయటి కోచ్‌ల దగ్గరికి ముందే వెళ్లాల్సిందని ఇంకొకటి. రెండూ కొంతవరకు నిజమే. పదిహేనేళ్ల వయసు దాకా ఇంటి బడే ఆమెకు పెట్టని కోట. ప్రపంచ స్థాయి మ్యాచ్‌కి వచ్చేసరికి మాత్రం అది ఇద్దరి బలంతో పదిమందిని ఎదుర్కోవడమే అయింది. 2024లో గుకేశ్ ప్రపంచ టైటిల్ మ్యాచ్‌కి సింగపూర్ వెళ్లినప్పుడు అతని వెనక ఎంత పెద్ద జట్టు ఉందో అందరూ చూశారు. 2011లో ఒక భారతీయ క్రీడాకారిణికి అలాంటి ఏర్పాటు చేయాలన్న ఆలోచనే మన వ్యవస్థలో అంతగా లేదు.

ఆట తీరు గురించి కూడా ఒక మాట. హంపిది మంత్రి ముందున్న బంటుతో మొదలుపెట్టే నిదానమైన, గట్టి ఆట. తొందరపడి దాడికి దిగదు. చిన్న ఆధిక్యం దొరికితే దాన్ని పట్టుకుని, పావులు తగ్గే కొద్దీ బిగిస్తూ పోతుంది. ఎండ్‌గేమ్‌లో ఆమె చేతిలో పడిన సగం పాయింట్ పూర్తి పాయింట్ కావడం చాలామంది చవిచూశారు. ఇలాంటి ఆట టోర్నీలో బాగా పనిచేస్తుంది, కింది సగంలో ఉన్నవాళ్ల మీద ఎక్కువ పాయింట్లు తెస్తుంది. తప్పులు చేయని ప్రత్యర్థితో వరుసగా ఎనిమిది గేమ్‌లు ఆడాల్సి వస్తే మాత్రం, ఎక్కడో ఒకచోట సొంతంగా మంట పెట్టాలి. టిరానాలో అది జరగలేదు.

2014లో పెళ్లి, 2017లో పాప. 2016 నుంచి దాదాపు రెండేళ్లు ఆటకు దూరం. ఇక్కడ క్యాలెండర్ ఇంకో ఆట ఆడింది. సరిగ్గా ఆ సమయంలోనే హౌ యిఫాన్ పోటీ పద్ధతులు నచ్చక మహిళల టైటిల్ రేసు నుంచి తప్పుకుంది. పదేళ్లుగా దారికి అడ్డంగా ఉన్న గోడ పక్కకి జరిగింది, దాటాల్సిన మనిషి అక్కడ లేదు. ఆ ఖాళీలోకి చైనాకే చెందిన జు వెన్‌జున్ వచ్చింది, 2018 నుంచి టైటిల్ ఆమె దగ్గరే ఉంది.

హంపి తిరిగి వచ్చాక రాసిన ప్రతి వార్తలోనూ 'తల్లయ్యాక' అనే మాట ఉంటుంది. విశ్వనాథన్ ఆనంద్‌కి 2011లో కొడుకు పుట్టాడు, మరుసటి ఏడాదే మాస్కోలో గెల్ఫాండ్‌ను ఓడించి ప్రపంచ టైటిల్ నిలబెట్టుకున్నాడు. 'తండ్రయ్యాక ఆనంద్ ఘనత' అని ఎవరూ శీర్షిక పెట్టలేదు. అలాగని ఆ మాట పూర్తిగా అనవసరమూ కాదు. చెస్‌లో రెండేళ్ల విరామం అంటే రెండేళ్ల ఓపెనింగ్ సిద్ధాంతం చేజారిపోవడం. హంపి లేని ఆ రెండేళ్లలోనే కంప్యూటర్ ఇంజిన్ల స్వరూపం మారిపోయింది, 2017 చివర్లో తనంతట తానే ఆట నేర్చుకున్న ఆల్ఫాజీరో అనే ప్రోగ్రామ్ వచ్చి అందరి అంచనాలనూ తలకిందులు చేసింది. 2018 చివర్లో ఖంతీ మాన్సీస్క్ నాకౌట్‌లో ఆమె రెండో రౌండ్‌లోనే ఓడిపోయింది. వాపసు రావడం అంత సులువు కాదని అప్పుడే తేలింది.

ఏడాది తిరిగేసరికి సీను మారింది. 2019 సెప్టెంబరులో రష్యాలోని స్కోల్కోవో గ్రాండ్‌ప్రి గెలిచింది. డిసెంబరులో మాస్కోలో ప్రపంచ ర్యాపిడ్. పన్నెండు రౌండ్లలో 9 పాయింట్లతో ముగ్గురు సమానం, హంపి, చైనా అమ్మాయి లే టింగ్‌జీ, టర్కీ తరఫున ఆడే ఎకతెరినా అటాలిక్. టైబ్రేక్ హంపికి, లే టింగ్‌జీకి మధ్య. కొద్ది నిమిషాల్లో ముగిసే బ్లిట్జ్ గేమ్‌లలో మొదటిది పోయింది. రెండోది గెలవక తప్పని పరిస్థితిలో గెలిచింది. ఇక మిగిలింది ఆర్మగెడాన్, తెల్ల పావులకు ఎక్కువ సమయం, నల్ల పావులకు డ్రా చాలు అనే చావోరేవో గేమ్. అందులోనూ హంపిదే పైచేయి. ముప్పై రెండేళ్ల వయసులో మొదటి సీనియర్ ప్రపంచ టైటిల్. రెండు నెలలు తిరక్కుండానే అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో కెయిర్న్స్ కప్ కూడా గెలిచింది.

కుర్రవాళ్ల ఆట అని పేరున్న ర్యాపిడ్ ముప్పై దాటాక ఆమెకు ఎందుకు అచ్చొచ్చింది? ర్యాపిడ్‌లో ఒక్కొక్కరికి పదిహేను నిమిషాలు, ప్రతి ఎత్తుకీ పది సెకన్లు అదనం. వేళ్లు చురుగ్గా కదిలేవాళ్లకే ఇది కలిసొస్తుందనిపిస్తుంది. నిజానికి ఇక్కడ జ్ఞాపకం కన్నా అనుభవం ఎక్కువ పలుకుతుంది. ఇంజిన్‌తో ఇరవై ఎత్తుల దాకా బట్టీపట్టి వచ్చిన వాళ్లకు క్లాసికల్‌లో ఉండే లాభం ఇక్కడ సగానికి సగం తగ్గుతుంది. గడియారం పరుగెడుతుంటే ఏ పావు ఎక్కడ ఉండాలో లెక్కపెట్టకుండా తెలియాలి. ఆరేళ్ల వయసు నుంచి ఎండ్‌గేమ్‌లు ఆడుతూ వచ్చినవాళ్లకు అది చేతికి అలవాటైన పని. పైగా ప్రపంచ ర్యాపిడ్ మూడు రోజుల్లో ముగుస్తుంది. నెలల తరబడి ఒకే ప్రత్యర్థి కోసం జట్టుతో సిద్ధం కావాల్సిన అవసరం లేదు. టిరానాలో ఏది లోటుగా మారిందో, ర్యాపిడ్‌లో దాని అవసరమే తక్కువ.

2020లో కరోనా వల్ల ఆన్‌లైన్‌లో జరిగిన ఒలింపియాడ్ (దేశాల జట్ల పోటీ) సెమీస్‌లో పోలాండ్ మీద ఆర్మగెడాన్ ఆడాల్సి వస్తే జట్టు హంపినే కూర్చోబెట్టింది. మోనికా సోచ్కో మీద గెలిచి జట్టును ఫైనల్‌కు తీసుకెళ్లింది. 2022 చివర్లో ప్రపంచ బ్లిట్జ్‌లో రజతం, 2023 ర్యాపిడ్‌లో టైబ్రేక్‌లో ఓడి మళ్లీ రజతం. అదే 2022లో చెన్నై ఒలింపియాడ్‌లో మహిళల జట్టు కాంస్యం గెలిచినప్పుడు మొదటి బోర్డు మీద ఆమే. నెలలు నిండిన గర్భంతో హారిక ఆడింది కూడా ఆ జట్టులోనే.

2024 ఏప్రిల్‌లో టొరంటో క్యాండిడేట్స్. మొదటి సగంలో వెనకబడిన హంపి రెండో సగంలో పుంజుకుంది. చివరి రౌండ్‌లో లే టింగ్‌జీని ఓడించి 7.5 పాయింట్లతో ముగించింది. చైనా క్రీడాకారిణి తాన్ ఝోంగ్‌యీ 9 పాయింట్లతో గెలిచింది. హంపికి మళ్లీ రెండో స్థానం. ఆ తర్వాత ఆ ఏడాది కొన్ని టోర్నీల్లో అట్టడుగున మిగిలింది. భారత మహిళలు మొదటిసారి ఒలింపియాడ్ స్వర్ణం గెలిచిన బుడాపెస్ట్‌కు ఆమె వెళ్లలేదు. డిసెంబరులో న్యూయార్క్ ర్యాపిడ్ మొదటి రౌండ్ కూడా ఓడిపోయింది. అక్కడి నుంచి పది రౌండ్లలో ఎనిమిదిన్నర పాయింట్లు. చివరి రౌండ్‌లో నల్ల పావులతో ఇండోనేషియా క్రీడాకారిణి ఇరీన్ సుకందర్‌ను ఓడించి, టైబ్రేక్ అవసరం లేకుండానే టైటిల్ పట్టింది. జు వెన్‌జున్ తర్వాత ఈ టైటిల్ ఒకసారి కన్నా ఎక్కువ గెలిచింది ఆమె ఒక్కతే.

2025 జులైలో బటూమీలో జరిగిన మహిళల ప్రపంచకప్ సెమీఫైనల్‌ను దగ్గర నుంచి చూస్తే హంపి ఆట ఏమిటో తెలుస్తుంది. ప్రత్యర్థి మళ్లీ లే టింగ్‌జీ. క్లాసికల్‌లో రెండు గేమ్‌లూ డ్రా, 1-1. పదిహేను నిమిషాల గేమ్‌లు రెండు, మళ్లీ సమానం. పది నిమిషాల గేమ్‌లలో మొదటిది లే గెలిచింది. ఇక ఒక్క డ్రా అయినా హంపి కథ ముగిసేది. తప్పక గెలవాల్సిన ఆ గేమ్ గెలిచింది. అక్కడితో ఐదు నిమిషాల బ్లిట్జ్. ఒకే రోజు ఇన్ని గేమ్‌లు ఆడాక, పదేళ్లు చిన్నదైన లేకి ఓపిక ఎక్కువ ఉండాలి. హంపి రెండూ గెలిచింది. మొత్తం 5-3. మాస్కోలోనూ ఇదే ప్రత్యర్థి, ఇదే వరస. మొదట ఓడటం, తప్పదనుకున్నప్పుడు గెలవడం, చివర్లో తొణక్కపోవడం. పెద్ద మ్యాచ్‌లలో టెన్షన్ తట్టుకోలేదన్న మాట అన్నవాళ్లు ఈ గేమ్‌లు ఒకసారి తిరగేయాలి.

ఫైనల్లో ఎదురుగా నాగ్‌పూర్ అమ్మాయి దివ్యా దేశ్‌ముఖ్. పంతొమ్మిదేళ్లు. హంపి గ్రాండ్‌మాస్టర్ అయిన రోజుకి దివ్య ఇంకా పుట్టలేదు, ఆమె పుట్టింది 2005లో. క్వార్టర్స్‌లో హారికను ఓడించి వచ్చింది. క్లాసికల్ గేమ్‌లు రెండూ డ్రా. జులై 28న టైబ్రేక్. మొదటి ర్యాపిడ్ గేమ్ డ్రా. రెండోదాంట్లో తెల్ల పావులు హంపివి. సమయం తరిగిపోతున్న దశలో తప్పులు దొర్లాయి, ఒకరు చేస్తే ఇంకొకరు అన్నట్టు సాగి, చివరి తప్పు హంపిదైంది. ఇన్నాళ్లూ ఆమె ఇతరులకు చేసింది ఈసారి ఆమెకే జరిగింది. ఒక్క గ్రాండ్‌మాస్టర్ నార్మ్ కూడా లేకుండా టోర్నీకి వచ్చిన దివ్య, టైటిల్‌తో పాటు నేరుగా గ్రాండ్‌మాస్టర్ అయింది. ఆ హోదా అందుకున్న భారతీయ మహిళలు ఇప్పటికి నలుగురు, హంపి, హారిక, వైశాలి, దివ్య. మొదటి ఇద్దరూ తెలుగువాళ్లే.

ఆ ఏడాది డిసెంబరులో దోహాలో ప్రపంచ ర్యాపిడ్ జరిగింది. డిఫెండింగ్ ఛాంపియన్‌గా వెళ్లిన హంపి చివరి రౌండ్‌లో తమిళనాడు టీనేజ్ అమ్మాయి సవితాశ్రీతో డ్రా చేసుకుంది. పదకొండు రౌండ్లలో 8.5 పాయింట్లు. సరిగ్గా ఏడాది కిందట న్యూయార్క్‌లో టైటిల్ తెచ్చిపెట్టిన స్కోరే అది. ఈసారి అదే స్కోరుతో రష్యా క్రీడాకారిణి గోర్యాచ్కినా, చైనా అమ్మాయి ఝూ జినెర్ కూడా ఉన్నారు. నిబంధన ప్రకారం టైబ్రేక్ గేమ్‌లు ఆడేది ఇద్దరే, ఆ ఇద్దరూ ఎవరన్నది మిగతా లెక్కలు తేలుస్తాయి. ఆ లెక్కల్లో హంపి మూడో స్థానంలో నిలిచింది. ముప్పై ఎనిమిదేళ్ల వయసులో కాంస్యం మెడలో వేసుకుంది. బల్ల దగ్గరికి మిగతా ఇద్దరూ వెళ్లారు.